‘మంచివారు’, ఇల్లు, నిప్పు: ఐర్లండు భయానక చిత్రాల చారిత్రక భూమిక

చలనచిత్రాలను గురించి మనలో జరిగే చర్చల్లో భయానక చిత్రాలకు, అందులోనూ కొద్ది డబ్బుతో తీసిన భయానక చిత్రాలకు, ఏనాడూ గౌరవస్థానం దక్కలేదు. మూఢనమ్మకాలను అమ్ముకొనే చవకబారు సరుకని కొందరు వాటిని కొట్టిపారేస్తారు. ఇవి ప్రజల జానపద సంస్కృతికి ప్రతిరూపాలనీ, పెట్టుబడిదారీ నాగరికత మీద పల్లె చేసే తిరుగుబాటు అనీ మరికొందరు నెత్తిన పెట్టుకుంటారు. యీ రెండూ తొందరపాటు తీర్పులే. ఒక నమ్మకం ఏ పరిస్థితుల్లో పుట్టింది, ఎవరికి ఉపయోగపడింది, ఎవరిని బలిగొన్నది అన్న ప్రశ్నలు వేయకుండా దాన్ని తిట్టినా, పొగిడినా ఒకటే.

గత పది పన్నెండేళ్ళుగా ఐర్లండు దేశం నుంచి ఒక రకమైన చిత్రాలు వరుసగా వస్తున్నాయి. కోరిన్ హార్డీ తీసిన ‘ది హాలో’ (2015), లీ క్రోనిన్ తీసిన ‘ది హోల్ ఇన్ ది గ్రౌండ్’ (2019), కేట్ డోలన్ తీసిన ‘యు ఆర్ నాట్ మై మదర్’ (2021), జాన్ రైట్ తీసిన ‘అన్‌వెల్కమ్’ (2023లో విడుదల), ఆష్లిన్ క్లార్క్ తీసిన ‘ఫ్రేవాకా’ (2024) వాటిలో చెప్పుకోదగినవి. హాలీవుడ్ లెక్కల్లో ఇవన్నీ చిన్న చిత్రాలే. ఒక ఇల్లు, నలుగురైదుగురు నటులు, చుట్టూ చీకటి: పెట్టుబడి చాలావరకు ఇంతే. అన్నిటిలోనూ కథ ఒకటే అనవచ్చు. ఒక కుటుంబం ఒక ఇంట్లో వుంటుంది. ఆ ఇంటిని, అందులోని బిడ్డనో స్త్రీనో, అదృశ్యజాతి ఒకటి పట్టి పీడిస్తుంది. ఆ జాతిని ఇంగ్లీషువాళ్ళు ‘ఫెయిరీలు’ అన్నారు. మనవాళ్ళు ఆ మాటను ‘దేవకన్యలు’ అని అనువదించి పిల్లల కథల్లోకి పంపించారు. అసలు సంగతి వేరు.

1

ఐరిష్ రైతుకు తెలిసిన ఫెయిరీకి సీతాకోకచిలుక రెక్కలు లేవు. ఐరిష్ భాషలో ఆ జాతిని ‘షీ’ అంటారు. పేరు పెట్టి పిలవడానికి భయపడి జనం వారిని ‘మంచివారు’ అని పిలిచారు. రాత్రిపూట పామును ‘పురుగు’ అనే మనకు, మశూచిని ‘అమ్మవారు’ అని పిలిచిన మనకు, యీ మర్యాద వెనక వున్న భయం ఒకరు చెప్పనక్కరలేదు. మంచివారు పాలు విరగగొడతారు, పశువులకు తెగులు తెస్తారు. అన్నిటికంటె ఘోరం, పసిబిడ్డనో బాలెంతనో ఎత్తుకుపోయి, ఆ స్థానంలో అచ్చం అదే రూపంలో తమవాళ్ళను వదిలిపెడతారు. దాన్ని మనం ‘మారుబిడ్డ’ అనుకోవచ్చు. ఇనుమంటే వారికి భయం. పురిటిగదిలో కొడవలి పెట్టే ఆచారం మన పల్లెల్లోనూ వుంది కదా.

వారి నివాసాలు ఎక్కడ? పొలాల మధ్య గుండ్రంగా మట్టికట్టతో వుండే దిబ్బలు ఐర్లండులో నలభై వేలకు పైగా మిగిలి వున్నాయి. వాటిని తవ్వగూడదు, వాటి మీద ముళ్ళచెట్టు నరకగూడదు, ఇల్లు కట్టగూడదు. పురాతత్వ శాస్త్రజ్ఞులు వాటిని పరిశోధించి తేల్చినదేమంటే, అవి చాలావరకు సుమారు 500–1000 సంవత్సరాల మధ్య రైతు కుటుంబాలు పశువులతో సహా కాపురమున్న ఆవరణలు. అంటే మన పాటిదిబ్బల వంటివి. దయ్యాల కోటగా భయపెట్టిన ఆ చోటు ఒకప్పుడు ఒక సంసారం నడిచిన ఇల్లే. ఎవరో బతికి, ఎందుకో ఖాళీ చేసిపోయిన ఇంటిమీద తరవాత వచ్చినవాడి భయం పెరిగింది. యీ సంగతి జ్ఞాపకం పెట్టుకుంటే, ఐరిష్ చిత్రాల్లో దయ్యం ఎప్పుడూ ఇంటినే ఎందుకు పట్టుకుంటుందో కొంత అర్థమౌతుంది.

మారుబిడ్డ నమ్మకాన్ని గురించి మాట్లాడేటప్పుడు దాని లెక్క కూడా చూడాలి. ఎదుగుదల లేని బిడ్డ, మాట రాని బిడ్డ, ప్రసవం తరవాత మనసు చెదిరిన తల్లి, చిక్కిపోతున్న రోగి — మారినవారుగా అనుమానించబడింది సాధారణంగా వీళ్ళే. వైద్యుడు అందని, తిండి చాలని ఇంట్లో యీ మనుషులు భారం. ‘ఇది మన బిడ్డ కాదు’ అన్న మాట ఆ భారానికి కారణం చెప్పింది. అంతకంటె ముఖ్యంగా, ఆ బిడ్డను ఏమి చేసినా పాపం లేదని చెప్పింది. నిప్పు చూపిస్తే, నీళ్ళలో ముంచితే, మారుబిడ్డ పారిపోయి అసలు బిడ్డ తిరిగి వస్తుందన్నారు.

1826లో కెర్రీ జిల్లాలో మైకేల్ లేహీ అనే పిల్లవాణ్ణి ఆన్ రోచ్ అనే ముసలామె ఫ్లెస్క్ నదిలో ముంచి చంపింది. వాడు నిలబడలేడు, నడవలేడు, మాట్లాడలేడు. వాడిలో వున్న మంచివారిని వెళ్ళగొట్టడానికే ముంచానని ఆమె వాదన. ట్రలీ న్యాయస్థానం ఆమెను విడిచిపెట్టింది.

2

యీ చిత్రాలన్నిటి వెనకా నీడలాగ నిలబడే సంఘటన ఒకటి వుంది. టిపరేరీ జిల్లా బాలీవాడ్లీలో 1895 మార్చి 15 రాత్రి బ్రిజెట్ క్లియరీ అనే ఇరవై ఆరేళ్ళ స్త్రీని ఆమె భర్త మైకేల్ క్లియరీ సొంత ఇంట్లో, పొయ్యి ముందు, దీపపు నూనె పోసి తగలబెట్టాడు. ఆమె తండ్రి, మేనత్త, ఇతర బంధువులు ఆ ఇంట్లోనే వున్నారు. అంతకుముందు పదిరోజులుగా ఆమెకు జబ్బు. వైద్యుడు వచ్చి చూశాడు, మతాచార్యుడూ వచ్చి వెళ్ళాడు. ముందునాటి రాత్రి మగవాళ్ళు ఆమెను మంచానికి అదిమిపట్టి ఆకుపసరు తాగించి, నువ్వు బ్రిజెట్‌వేనా అని పదేపదే అడిగారు. నిప్పు మీద పట్టుకున్నారు. కాల్చింది తన భార్యను కాదనీ, అసలు భార్య దిబ్బలోనుంచి తెల్ల గుర్రమెక్కి వస్తుందనీ చెప్పి అతను ఆ దిబ్బ దగ్గర కాపలా కాశాడు. వారం తరవాత శవం లోతులేని గోతిలో దొరికింది. అదే సంవత్సరం జులైలో క్లాన్‌మెల్‌లో విచారణ జరిగి మైకేల్‌కు ఇరవై ఏళ్ళ కఠిన శిక్ష పడింది. పదిహేనేళ్ళు గడిచాక, 1910లో, విడుదలయ్యాడు.

యీమె ఎవరు? బట్టలు కుట్టేది. సొంతంగా కుట్టుమిషను వుంది. కోళ్ళు పెంచి గుడ్లు అమ్మేది. పెళ్ళై ఏడెనిమిదేళ్ళైనా పిల్లలు లేరు. తన చేతి డబ్బుతో చక్కగా బట్టలు కట్టి, ఎవరికీ తలవంచని స్త్రీ. వాళ్ళుండే ఇల్లు 1883 చట్టం కింద వ్యవసాయ కూలీల కోసం కట్టించిన కొత్త రకం పలకకప్పు ఇల్లు. తండ్రి కూలీ గనుక దక్కింది. పూరిళ్ళ మధ్య అలాంటి ఇల్లు దొరకడం సామాన్యమైన విషయం కాదు. ఆ ఇల్లు కట్టింది మంచివారి దిబ్బ మీద అని ఊళ్ళో చెప్పుకున్నారు. వ్యాధి, పిల్లలు లేకపోవడం, స్త్రీ సంపాదన, ఇరుగుపొరుగుల ఈర్ష్య — ఇన్ని చిక్కులకు ‘ఇది నా భార్య కాదు’ అన్న ఒక్క వాక్యం జవాబైంది.

యీ హత్యను రెండోసారి ఉపయోగించుకున్నవాళ్ళు వున్నారు. అప్పటికి రెండేళ్ళ క్రితమే ఐర్లండు స్వపరిపాలన బిల్లు లండను ప్రభువుల సభలో ఓడిపోయింది. పెళ్ళాన్ని దయ్యమని కాల్చే జాతికి స్వపరిపాలనా అని సామ్రాజ్యవాద పత్రికలు వెక్కిరించాయి. ఇలాంటి వెక్కిరింత మన దేశం ఎరగనిది కాదు. పరపాలకుడు బానిసదేశంలోని మూఢత్వాన్ని నయం చేయడు. తన పాలనకు సాక్ష్యంగా చూపిస్తాడు. అందువల్ల జాతీయవాదులు యీ సంగతిని కప్పిపుచ్చుకోవాలని చూడడం సహజం. యీ పెనుగులాటలో ఆ స్త్రీ గోడు ఎవరికీ పట్టలేదు.

3

యీ నమ్మకం ఇరవయ్యొకటో శతాబ్దంలో, అదీ సినిమాలో, ఎందుకు లేచి కూర్చున్నది? అందుకు ఐర్లండు రైతుకు ఇల్లంటే ఏమిటో తెలియాలి. 1845లో మొదలైన ఆలుగడ్డల కరవులో దాదాపు పది లక్షలమంది చచ్చిపోయారు, అంతకు తక్కువ కాకుండా దేశం విడిచిపోయారు. శిస్తు కట్టలేని కుటుంబాలను భూస్వాములు బయటికీడ్చి ఇళ్ళ కప్పులు పడగొట్టారు. 1879 నుంచి సాగిన భూపోరాటం, తరవాత వచ్చిన భూచట్టాలు, ముఖ్యంగా 1903 చట్టం, కౌలుదారును ప్రభుత్వ రుణంతో సొంతదారును చేశాయి. ఆ జ్ఞాపకం నుంచే ‘ఇల్లు సొంతం కావాలి’ అనేది అక్కడ దాదాపు మతమైంది. 1991 జనాభా లెక్కలనాటికి సుమారు నూటికి 79 కుటుంబాలు సొంత ఇళ్ళల్లో వున్నాయి. 2022 నాటికి ఆ సంఖ్య 66కు పడిపోయింది.

యీ పతనానికి కారకులు దిబ్బలోని మంచివారు కారు. 1990ల నడుమనుంచి బ్యాంకులు, గృహనిర్మాణ వ్యాపారులు కలిసి ఇంటిని జూదపు సరుకుగా మార్చారు. 2008లో ఆ జూదం కూలింది. బ్యాంకుల అప్పులకు ప్రభుత్వం పూచీపడింది. 2010 నవంబరులో ఐరోపా సమాఖ్య, అంతర్జాతీయ ద్రవ్యనిధి షరతులతో 8,500 కోట్ల యూరోల రుణ పథకానికి ఒప్పుకుంది. అదే ఏడు జరిపిన లెక్కలో సగంలో ఆగిన గృహసముదాయాలు 2,800కు పైగా తేలాయి. గోడలున్నవి, మనుషుల్లేరు. జనం వాటికి పెట్టిన పేరు ‘దయ్యాల పేటలు’. జానపదుని భాష ఆర్థికశాస్త్రంలోకి అట్లా దిగివచ్చింది.

యీ చిత్రాల వరసకు అసలు జన్మస్థలం యిది. లోర్కన్ ఫినెగన్ ‘ఫాక్సెస్’ (2011) అనే పొట్టి చిత్రాన్ని అలాంటి నిర్మానుష్యపు పేటలోనే నడిపించాడు. తరవాత అతను తీసిన ‘వివేరియం’ (2019)లో కొత్త ఇల్లు చూడబోయిన జంట ఒకే తీరు ఇళ్ళున్న పేటలోనుంచి బయటపడలేకపోతుంది. ఎవరిదో తెలియని బిడ్డ ఒకటి పెట్టెలో వస్తుంది. దాన్ని పెంచితే విడుదల అంటారు. జంటలోని మగవాడు ఇంటి ముందు గొయ్యి తవ్వుతూ తవ్వుతూ ప్రాణం పోగొట్టుకుంటాడు. ఫెయిరీ అన్న మాట ఎక్కడా రాదు. కాని ఆ బిడ్డ మారుబిడ్డ కాక మరెవరు? గృహరుణం తీర్చడానికి జీవితమంతా ధారపోసే మధ్యతరగతి దంపతుల కథను ఇంతకంటె సూటిగా చెప్పిన చిత్రాలు తక్కువ.

‘ది హాలో’లో లండనునుంచి వచ్చిన వృక్షశాస్త్రజ్ఞుడు భార్యతో, పసిబిడ్డతో అడవి అంచున ఒక ఇంట్లో దిగుతాడు. కొట్టబోయే చెట్లకు గుర్తులు పెట్టడం అతని పని. ఇంటి కిటికీలకున్న ఇనప కమ్మీలను అతని భార్య అందంగా లేవని తీసివేయిస్తుంది. తరవాతిది వూహించుకోవచ్చు. యీ కథ గాలిలో పుట్టింది కాదు. రుణదాతల వొత్తిడి కింద ప్రభుత్వ అటవీ సంస్థ ‘క్విల్తె’ అడవుల్లో కలప కొట్టుకొనే హక్కులను అమ్మాలని ప్రభుత్వం నిజంగానే యోచించింది. ప్రజలు గట్టిగా అడ్డు తగలడంతో 2013లో ఆ యోచన మానుకుంది. చిత్రంలో అడవిని కాపాడేది దయ్యాలు. చరిత్రలో కాపాడింది ప్రజలు. యీ తేడా చిన్నది కాదు.

‘అన్‌వెల్కమ్’ మరో మెట్టు దిగింది. లండనులో దుండగుల దెబ్బలు తిన్న జంటకు ఐర్లండు పల్లెలో ఇల్లు వారసత్వంగా వస్తుంది. పెరటి గోడ అవతలి మంచివారికి రోజూ పచ్చిమాంసం పెట్టాలన్నది షరతు. భూమి వున్నంత కాలం తీరని ఒక శిస్తు అన్న భావం ఇందులో వుంది. దాన్ని దర్శకుడు వదిలేశాడు. కప్పు బాగుచేయడానికి వచ్చిన పనివాళ్ళ కుటుంబాన్ని దొంగలుగా, కిరాతకులుగా చూపించి, దయ్యాల చేత వాళ్ళను చంపించాడు. ఇంటిగలవారికి భయం, కూలివారికి చావు. భయానక చిత్రం ఎవరి వైపునుంచి భయపడుతుందో గమనించడం విమర్శకుడి మొదటి పని అనడానికి యీ చిత్రం మంచి ఉదాహరణ.

4

ఇప్పుడు అసలు చిక్కు దగ్గరకు వద్దాం. దయ్యపు సినిమాలో దయ్యం తెరమీద కనబడాలి. కనబడకపోతే డబ్బిచ్చి వచ్చిన ప్రేక్షకుడు ఒప్పుకోడు. వ్యాపారపు యీ చిన్న నియమం మారుబిడ్డ కథ దగ్గరకు వచ్చేసరికి న్యాయసమస్య అవుతుంది. మంచివారు నిజమైతే మైకేల్ క్లియరీ హంతకుడు కాడు. ఆన్ రోచ్ పిల్లవాణ్ణి చంపలేదు. 1895లో క్లాన్‌మెల్ న్యాయస్థానం ఇచ్చిన తీర్పును తెరమీది దయ్యం కొట్టివేస్తుంది.

‘ది హోల్ ఇన్ ది గ్రౌండ్’ చూడండి. నుదుట గాయపు మచ్చతో, భర్తను విడిచి, కొడుకుతో అడవి పక్క ఇంటికి వచ్చిన తల్లి కథ అది. పిల్లవాడి తీరు మారినట్టు ఆమెకు తోస్తుంది. చాలాసేపు ఆమె దెబ్బతిన్న మనసే యిలా చూపిస్తున్నదా అని మనం అనుమానిస్తాం. ఆ అనుమానం వున్నంతసేపు చిత్రం గొప్పగా నడుస్తుంది, ఎందుకంటె ప్రమాదం ఎవరినుంచి ఎవరికి అన్నది తేలదు. పొరుగున ఒక ముసలామె తన కొడుకును మారినవాడని నమ్మి చంపుకున్నది. ఆమె పిచ్చిదని ఊరంతా అనుకుంటుంది. చివరకు చిత్రం ఆ ముసలామెదే నిజమని తేలుస్తుంది. తల్లి అసలు బిడ్డను గోతిలోనుంచి తెచ్చుకొని, నకిలీ బిడ్డతో సహా ఇంటిని తగలబెడుతుంది. ఆ మంటను మనం ఊరటతో చూస్తాం. బాలీవాడ్లీలో పొయ్యి ముందు నిలబడ్డ బంధువుల స్థానంలో మనల్ని నిలబెట్టి, ‘బాగా చేసింది’ అనిపించుకోవడమే ఇది. కొత్త ఇంటి గోడలనిండా అద్దాలు పెట్టుకొని కొడుకును ఇంకా అనుమానంగా చూసుకొనే తల్లితో చిత్రం ముగుస్తుంది. తన తీర్పు మీద దర్శకుడికే నమ్మకం చాలలేదనిపిస్తుంది.

‘యు ఆర్ నాట్ మై మదర్’ డబ్లిన్ నగరపు ఉత్తర భాగంలో సామాన్యులు వుండే పేటలో జరుగుతుంది. మనోవ్యాధితో మంచం దిగలేని తల్లి మాయమై తిరిగి వస్తుంది, వేరే మనిషిలాగ. అనుమానించేది అమ్మమ్మ, నలిగిపోయేది స్కూలుకు పోయే కూతురు. పసిబిడ్డ చుట్టూ నిప్పు వెలిగించే దృశ్యంతోనే చిత్రం మొదలౌతుంది. ఇక్కడా అనుమానమే నిజమౌతుంది. ఐనా యీ చిత్రంలో ఒక నిజాయితీ వుంది. జబ్బుపడిన తల్లిని చూసి పిల్లకు కలిగే భయాన్నీ, ప్రేమనూ ఒకే దృశ్యంలో పెట్టగలిగింది. ‘నువ్వు మా అమ్మవు కావు’ అన్న మాట నిందగా కాక, ఒంటరి పిల్ల ఏడుపుగా వినబడుతుంది.

‘ఫ్రేవాకా’ వీటన్నిటికంటె చరిత్రకు దగ్గరగా వెళ్ళింది. చాలాభాగం ఐరిష్ భాషలోనే నడిచే యీ చిత్రం పేరు ‘వేళ్ళు’ అనే అర్థమిచ్చే ఐరిష్ మాటనుంచి పుట్టింది. పల్లెలో ఒంటరిగా, తలుపులు వేసుకొని, షీ జాతికి భయపడుతూ బతికే వృద్ధురాలు పేగ్. ఆమెకు సేవ చేయడానికి కూలికి వచ్చిన యువతి షూ, ఇటీవలే తల్లిని పోగొట్టుకున్నది. యీ స్త్రీల భయాన్ని దర్శకురాలు మాగ్దలీన్ చాకిరేవుల జ్ఞాపకంతో ముడివేసింది. 1922 నుంచి 1996 వరకు మఠాలు నడిపిన ఆ చాకిరేవుల్లో పదివేలమందికి పైగా స్త్రీలు జీతం లేకుండా బట్టలుతికారని 2013 నాటి ప్రభుత్వ నివేదిక తేల్చింది. ప్రధానమంత్రి ఎండా కెన్నీ పార్లమెంటులో క్షమాపణ చెప్పాడు. గాల్వే జిల్లా ట్యూమ్‌లో అవివాహిత తల్లుల కోసం 1925 నుంచి 1961 వరకు నడిచిన ఆశ్రమంలో 796 మంది పిల్లలు చనిపోయారని స్థానిక చరిత్ర పరిశోధకురాలు కాథరిన్ కార్లెస్ మరణ పత్రాలు ఒక్కొక్కటీ తీయించి బయటపెట్టింది. పాత మురుగు నిర్మాణంలో పిల్లల ఎముకలున్నాయని 2017లో విచారణ సంఘం నిర్ధారించింది. ఆ స్థలం తవ్వకాలు 2025లో మొదలయ్యాయి.

తల్లినుంచి బిడ్డను ఎత్తుకుపోయినవారు, స్త్రీని ఇంటినుంచి మాయం చేసినవారు ఐర్లండులో నిజంగానే వున్నారు. వారికి చిరునామాలు, పద్దు పుస్తకాలు, ప్రభుత్వ అనుమతులు కూడా వున్నాయి.

5

మన వద్ద చేతబడి, బాణామతి పేర మనుషులను కొట్టి చంపిన వార్తలు నేటికీ పత్రికల్లో వస్తూనే వున్నాయి. చచ్చేవాళ్ళలో ఎక్కువమంది ఒంటరి స్త్రీలు, ముసలివాళ్ళు, పేదలు. కాబట్టి యీ చర్చ మనకు పరాయి దేశపు ముచ్చట కాదు. మన తెరమీద దయ్యం నిజమని తేలినప్పుడల్లా ఏ వూళ్ళో ఏ చెట్టుకు కట్టబడిన ఏ ముసలామె మీద నేరం రుజువౌతున్నదో మనం ఆలోచించాలి.

అలాగని భయానక చిత్రాలను నిషేధించాలనో, దయ్యాన్ని చివర్లో ముసుగు వేసుకున్న దొంగగా చూపించాలనో నేననడం లేదు. ముసుగుదొంగ కథ దయ్యం లేదని చెబుతుందిగాని, మనిషి దయ్యాన్ని ఎందుకు నమ్మాడో చెప్పదు. ఐరిష్ చిత్రాల్లో మంచివి చెప్పిన సంగతి అది: అప్పు, ఆకలి, రోగం, ఆస్తి ఒక ఇంట్లో చేరి మనిషిచేత మనిషిని ‘నువ్వు మావాడివి కావు’ అనిపిస్తాయి. వాటిలో చెడ్డవి ఆ మాటను నిజం చేసి, నిప్పుపెట్టిన చేతిని కడిగివేస్తాయి. చౌక చిత్రమా, ఖరీదైన చిత్రమా, దయ్యముందా లేదా అన్నవి తరవాతి ప్రశ్నలు. తెరమీద ఇల్లు కాలుతున్నప్పుడు లోపల వున్నది ఎవరని చిత్రం మనచేత అడిగిస్తున్నదా, లేదా? కళాశాలల్లో, ఫిలిం సంఘాల్లో యీ చిత్రాలు చూసే విద్యార్థులు, ఉపాధ్యాయులు యీ ప్రశ్నతో మొదలుపెడితే, బ్రిజెట్ క్లియరీ పేరు తెలిసినా తెలియకపోయినా, ఆమెకు కొంత న్యాయం చేసినవారౌతారు.